పాత ఆల్టోకి జెనాన్ లైట్లు: పెట్టించి, మళ్లీ తీయించిన నా అనుభవం

2023 డిసెంబరు మూడో వారం. రాజాంలో సాయంత్రం క్లాసు ముగించుకుని విజయనగరం వస్తున్నాను. చీపురుపల్లి, గరివిడి దాటి గుర్ల దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర అయింది. నూర్పిళ్ల రోజులు. మా వైపు రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చుకుంటారు. ఎదురుగా ఒక లారీ వచ్చి దాటిపోయింది. ఆ వెలుతురు పోయాక నా బండి లైట్లలో రోడ్డు పసుపుపచ్చగా, మసకగా మిగిలింది. ఆ మసకలో ఏదో గోనె మూట ఉందనుకున్నాను. అది కదిలింది. దుప్పటి కప్పుకుని ధాన్యానికి కాపలా కూర్చున్న ముసలాయన. బ్రేకు గట్టిగా తొక్కేశాను. బండి ఆయనకి నాలుగైదు అడుగుల దూరంలో ఆగింది. ఆయన ఏమీ అనలేదు. లేచి, దుప్పటి దులుపుకుని, రాళ్లకి అవతలి వైపు వెళ్లి కూర్చున్నాడు. నేను మాత్రం స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాను.

బండి మా నాన్నగారిది. 2009 మోడల్ ఆల్టో, ఏపీ 35 నంబరు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్నారు. ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఇంజిన్ ఇప్పటికీ బాగుంది. లైట్లే రానురాను గుడ్డిదీపాల్లా తయారయ్యాయి. బల్బులు రెండుసార్లు మార్చాను. తేడా పెద్దగా లేదు. ఆ రాత్రి తర్వాత ఇక వాయిదా వేయకూడదనుకున్నాను.

సంక్రాంతికి ముందు మా బావమరిది వచ్చినప్పుడు ఈ మాట చెప్పాను. "బావా, జెనాన్ కిట్ వేయించెయ్. పట్టపగలులా ఉంటుంది" అన్నాడు. వాడి స్నేహితులు ఇద్దరు ముగ్గురు వేయించుకున్నారట. మర్నాడే ఇద్దరం విశాఖపట్నం వెళ్లి, ఒక యాక్సెసరీల షాపులో 3,800 రూపాయలకి కిట్ తీసుకుని అక్కడే బిగించుకున్నాం. రెండు బల్బులు, అరచేతిలో పట్టే రెండు అల్యూమినియం డబ్బాలు (వాటిని బ్యాలస్ట్ అంటారు), కొంచెం వైరింగ్. నలభై నిమిషాల పని. "ఇది చట్టప్రకారం వేసుకోవచ్చా?" అని అడిగాను. "అందరూ వేయించుకుంటున్నారు సార్" అన్నాడు షాపతను. నేను అడిగినదానికి అది జవాబు కాదు. అయినా అప్పుడు రెట్టించి అడగలేదు.

మొదటి రాత్రి నిజంగానే ఆనందం వేసింది. స్విచ్ వేయగానే నీలంగా మెరిసి, నాలుగైదు సెకన్లలో తెల్లగా నిండిపోయింది. బానెట్ ముందు రోడ్డు మీద చిన్న రాయి కూడా కనిపిస్తోంది. మైలురాళ్లు, బోర్డులు దూరం నుంచే తళతళలాడుతున్నాయి. రేడియో పెడితే బర్రుమని ఒకటే శబ్దం వచ్చింది గానీ దాన్ని పట్టించుకోలేదు.

రెండో రోజు నుంచి ఎదురొచ్చే ప్రతి బండీ లైటు తగ్గించమని డిప్పర్ కొట్టడం మొదలుపెట్టింది. నేను డిమ్‌లోనే ఉన్నాను. స్విచ్ సరిగ్గా పడలేదేమోనని పైకీ కిందకీ వేసి చూశాను. డిమ్‌లోనే ఉంది. ఒక లారీ డ్రైవరైతే నా పక్కకి వచ్చేసరికి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏదో అరుస్తూ వెళ్లాడు.

కనుమ వెళ్లిన మర్నాడు రాత్రి, నెల్లిమర్ల దాటుతున్నాను. ఎదురుగా ఒక బైకు. ముందు ట్యాంకు మీద పాప, వెనక భార్య. నాకు ఇంకా పాతిక ముప్పై గజాల దూరం ఉండగానే అతను చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు. బైకు వంకర తిరిగి, రోడ్డు అంచు దిగి, మట్టిలో రెండు మూడు మీటర్లు జారి ఆగింది. పడలేదు. అదృష్టమే తప్ప ఇంకొకటి కాదు. నేను బండి ఆపి, దిగి పరిగెత్తాను. పాప ఏడుస్తోంది. అతను కోపంగా కూడా మాట్లాడలేదు. "బాబూ, అంత లైటేస్తే మేం ఎలాగెల్తాం? ముందర రోడ్డే కనపడ్లేదు" అన్నాడు.

క్షమించమని అడిగాను. పాపకి ఏమీ కాలేదని చూసుకుని, బైకు రోడ్డెక్కేదాకా ఉన్నాను. తర్వాత నా బండి ముందుకి వెళ్లి, ఓ పది అడుగుల దూరంలో, అతను చూసిన వైపు నుంచే నా లైట్లని చూశాను. కళ్లు తెరవలేకపోయాను. వారం రోజుల నుంచి ఎదురొచ్చిన ప్రతి ఒక్కరి కళ్లల్లోకీ నేను కొట్టింది ఇదీ.

ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను నేను. ఆ రాత్రి ఇంటికి వెళ్లి, తీసి పక్కన పెట్టిన పాత హాలోజన్ బల్బుని టేబుల్ లైటు కింద పెట్టి చూశాను. చాలా చిన్న కార్లలో ఉండే హెచ్4 బల్బు అది. 60/55 వాట్లు. గాజు లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి బ్రైట్‌కి, ఇంకోటి డిమ్‌కి. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న చెంచా ఆకారంలో లోహపు గిన్నె ఉంటుంది. అన్నేళ్లుగా బల్బులు మారుస్తూ నేను దాన్ని ఒక్కసారి కూడా గమనించలేదు. హెడ్‌లైట్ రహస్యమంతా ఆ గిన్నెలోనే ఉంది.

బల్బు వెనక మెరిసే రిఫ్లెక్టర్ పారాబోలా ఆకారం. బ్రైట్ ఫిలమెంట్ దాని నాభి (ఫోకస్) దగ్గర ఉంటుంది కాబట్టి వెలుతురు తిన్నగా దూరం పోతుంది. డిమ్ ఫిలమెంట్ నాభికి కాస్త ముందు ఉంటుంది. అక్కడి నుంచి బయల్దేరిన వెలుతురు రిఫ్లెక్టర్ పైసగానికి తగిలితే కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. కిందిసగానికి తగిలితే పైకి లేచి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. అందుకే కిందిసగానికి వెలుతురు చేరకుండా ఆ గిన్నె అడ్డుకుంటుంది. దాని అంచు ఒక వైపు ఏటవాలుగా ఉంటుంది. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి, కుడివైపు వెలుతురు తిన్నగా తెగిపోయి, ఎడమవైపు మాత్రం 15 డిగ్రీలు పైకి లేస్తుంది. రోడ్డు పక్కన నడిచేవాళ్లు, బోర్డులు కనిపించడానికి ఆ ఏర్పాటు. ఇదంతా ఫిలమెంట్ మిల్లీమీటరులో కొద్ది వంతు కూడా అటూ ఇటూ కాకుండా తన చోట ఉంటేనే పనిచేస్తుంది.

జెనాన్ బల్బులో ఫిలమెంట్ లేదు. చిన్న గాజు గదిలో జెనాన్ వాయువు, లోహ లవణాలు ఉంటాయి. బ్యాలస్ట్ ఇరవై వేల వోల్టులకి పైగా ఒక దెబ్బ కొట్టి రెండు కొనల మధ్య విద్యుత్ చాపం (ఆర్క్) వెలిగిస్తుంది. హెచ్4 డిమ్ సుమారు 1,000 ల్యూమెన్లు (వెలుతురు ఎంతో చెప్పే కొలత) ఇస్తే, 35 వాట్ల మంచి జెనాన్ సుమారు 3,200 ఇస్తుంది. కరెంటు తక్కువ, వెలుతురు మూడు రెట్లు. సాంకేతికంగా అది గొప్ప వస్తువే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ చాపం ఆకారం వేరు, ఉండే చోటు వేరు. నా కిట్‌లో డిమ్, బ్రైట్ మార్చడానికి బల్బునే ఒక అయస్కాంతం ముందుకీ వెనక్కీ జరుపుతోంది. గిన్నె బదులు ఏదో పల్చటి రేకు ఉంది. ఫిలమెంట్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో దాన్ని పెడితే, ఆ మూడు రెట్ల వెలుతురు పద్ధతి లేకుండా అన్ని వైపులకీ చిమ్ముతుంది. పైగా నాకిచ్చింది 8,000 కెల్విన్ బల్బు. కెల్విన్ అంటే వెలుతురు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. కంపెనీలు సొంతంగా పెట్టేది 4,300 దగ్గర. నీలం ఎక్కువయ్యేకొద్దీ రోడ్డు మీద పడే అసలు వెలుతురు తగ్గుతుంది, కళ్లు మాత్రం ఎక్కువ చెదురుతాయి. మంచు కురిసే రోజుల్లో ముందు తెల్లటి గోడ కట్టినట్టు ఉంటుంది. జనవరిలో గరివిడి దగ్గర అదీ చూశాను.

1991లో బీఎండబ్ల్యూ తన 7 సిరీస్ కారులో మొదటిసారి జెనాన్ పెట్టింది. బల్బు ఒక్కటే పెట్టి ఊరుకోలేదు, దానికోసం వేరే హెడ్‌లైట్ తయారుచేసింది. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో, 2,000 ల్యూమెన్లు దాటిన డిమ్ లైటు ఉంటే రెండు ఏర్పాట్లు తప్పనిసరి చేశారు: వెనక బరువు పెరిగి బండి ముక్కు లేచినా లైటు దానంతటదే కిందికి దిగాలి, అద్దం మీద మురికి పడితే కడుక్కునే ఏర్పాటుండాలి. మురికి అద్దం కూడా వెలుతురుని చిందరవందర చేస్తుంది కదా. నా ఆల్టోలో ఈ రెండూ లేవు.

ఇక చట్టం. దీనికోసం రెండు రాత్రులు కూర్చుని చదివాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్‌సీ)లో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. "హెడ్‌లైట్ బల్బు సంగతి ఆర్‌సీలో రాయరు కదా" అని మా బావమరిది వాదించాడు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ 2019 సవరణలో 182ఏ సెక్షన్ చేర్చారు. దాని నాలుగో ఉపసెక్షన్ విడిభాగాలు బిగించడాన్ని కూడా కలిపి చెబుతుంది: అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే ఏడాది జనవరిలో, కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నమూనాకి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని చెప్పింది.

నాకు అన్నిటికంటే సూటిగా తగిలింది 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 106వ నియమం. ముందు లైటు వెలుతురు ఎప్పుడూ కిందికి వంగి ఉండాలి. లైటుకి 8 మీటర్ల ముందు, కుడివైపు అర మీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్లకి అది జిగేలుమనకూడదు. చదువుతూ ఉంటే ఆ కొలతల్లో నాకు బైకు మీద కూర్చున్న ఆ మనిషే కనిపించాడు.

మర్నాడు రాత్రి మా వీధిలో టేపు పెట్టి కొలిచాను. ఎనిమిది మీటర్ల దగ్గర సుద్దముక్కతో గీత గీసి, కుడివైపు అర మీటరు జరిపి మా ఆవిడని నిలబెట్టాను. ఆమె కళ్ల ఎత్తు దాదాపు సరిగ్గా మీటరున్నర. లైటు వేశాను. "ఆపండి, ఆపండి" అంటూ మొహం తిప్పేసుకుంది. కుడివైపు బల్బు ఒక్కటి తీసి, పాత హాలోజన్ పెట్టి మళ్లీ వేశాను. ఈసారి కుడి లైటు వైపు చూసి, బండి నంబరు ప్లేటు చదివి వినిపించింది. ఆ రాత్రే రెండో బల్బు కూడా తీసేశాను.

కానీ అసలు సమస్య అలాగే ఉంది. గుర్ల దగ్గర ముసలాయన నాకు కనపడలేదు. ఆ గుడ్డి లైట్లతోనే మళ్లీ ఆ రోడ్డు మీదికి ఎలా వెళ్లను?

ఈ జిల్లాల్లో లారీలంటే సాలూరు. రాయపూర్ వైపు ఘాట్ ఎక్కే లారీలకి దశాబ్దాలుగా అదే పుట్టిల్లు. అక్కడ ముప్పై ఏళ్లు లారీల వైరింగ్ చేసి, ఇప్పుడు విజయనగరం రింగురోడ్డు వైపు చిన్న షెడ్డు పెట్టుకున్న ఒక పెద్దాయన గురించి మా కాలేజీ వ్యాన్ డ్రైవరు చెప్పాడు. వెళ్లాను. ఆయన బల్బు వైపు చూడనే లేదు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, మీటరు తీసి బ్యాటరీ దగ్గర పెట్టాడు. 14.1 వోల్టులు. లైటు వేయించి, బల్బు హోల్డరు దగ్గర పెట్టాడు. ఎడమవైపు 11.6, కుడివైపు 11.9.

"మాస్టారూ, బల్బు తప్పేటుందండి? కరెంటు దార్లోనే తినేస్తంది" అన్నాడు.

పదిహేనేళ్ల సన్నటి వైర్లు, తుప్పు పట్టిన ఎర్తు, స్విచ్‌లో అరిగిపోయిన పాయింట్లు. రెండు బల్బులకీ కలిపి ఎనిమిది తొమ్మిది ఆంపియర్లు ఆ దారంతా తిరిగి రావాలి. హాలోజన్ వెలుతురు వోల్టేజీతో పాటు ఒకే లెక్కన తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. పది శాతం వోల్టేజీ తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పోతుంది. బల్బు ల్యూమెన్లు లెక్కగట్టేది 13.2 వోల్టుల దగ్గర. ఆ లెక్కన నా ఎడమ లైటు ఇవ్వాల్సినదాంట్లో మూడింట రెండు వంతులే ఇస్తోంది. పిల్లలకి ఓమ్ నియమం ఏళ్లుగా చెబుతున్న నాకు, ఆ మీటరు మీద అంకెలు చూసేదాకా ఈ ఆలోచనే రాలేదు.

ఆయన చేసింది రిలే వైరింగ్. రిలే అంటే కొద్దిపాటి కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు, దానికి ఫ్యూజు, డిమ్‌కి ఒక రిలే, బ్రైట్‌కి ఒక రిలే. పాత స్విచ్ ఇప్పుడు రిలేని మేల్కొలపడానికే. బల్బుకి కరెంటు బ్యాటరీ నుంచి తిన్నగా వస్తుంది. ఎర్తు పాయింటు గీకి, కొత్త బోల్టు వేశాడు. పాత వైరింగ్ ఎక్కడా కోయలేదు. బల్బులు మాత్రం అవే 60/55 హెచ్4, మంచి కంపెనీవి కొత్తవి. "100/90 వేసేద్దామా?" అని నేనే అడిగాను. షెడ్డు మూల నుంచి ఒక హోల్డరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ప్లాస్టిక్ కరిగి, మైనంలా ముడుచుకుపోయి ఉంది. "ఇది 100/90 వేసిన బండిదండి. రోడ్డు మీద వెయ్యకూడని బల్బది" అన్నాడు. ఎల్‌ఈడీ బల్బుల గురించి కూడా అడిగాను. ఫిలమెంట్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో అవీ జెనాన్ లాంటి గొడవే తెస్తాయని ఒక్క మాటలో తేల్చేశాడు.

రిలే పెట్టాక మళ్లీ మీటరు పెట్టాడు. రెండువైపులా 13.6.

తర్వాత అద్దాల పని. ఆల్టో హెడ్‌లైట్ ముందుభాగం గాజు కాదు, ప్లాస్టిక్. పదిహేనేళ్ల ఎండకి పసుపెక్కి, కంటికి శుక్లం పట్టినట్టు అయింది. చుట్టూ పెయింటుకి టేపు అంటించి, నీళ్లు చల్లుతూ 800 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 1,000, 1,500, 2,000 దాకా రుద్దాలి. మొదట్లో కారే నీళ్లు పసుపుగా ఉంటాయి. అవి తెల్లగా వచ్చేదాకా పేపరు మార్చకూడదు. ఈ పని నేనే ఒక ఆదివారం పొద్దున్న మా వాకిట్లో చేసుకున్నాను. చేతులు పడిపోయాయి గానీ, చివర్లో రబ్బింగ్ కాంపౌండ్ వేసి తుడిచాక లోపలి రిఫ్లెక్టర్ గీతలన్నీ స్పష్టంగా కనిపించాయి. పైన ఎండని తట్టుకునే క్లియర్ కోటు వేయించాను. అది వేయకపోతే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది.

ఆఖరి పని లైటు మట్టం సరిచేయడం. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, మనవాళ్లు ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. టైర్లలో గాలి సరిచూసి, సమంగా ఉన్న నేల మీద గోడకి పది మీటర్ల దూరంలో బండి ఆపాం. డ్రైవరు సీట్లో నేను కూర్చున్నాను. లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అదే ఎత్తులో ఒక గీత, దానికి పది సెంటీమీటర్ల కింద ఇంకో గీత గీశాడు ఆయన. డిమ్ వెలుతురు పై అంచు కింది గీత మీద కూర్చోవాలి. నా ఎడమ లైటు పై గీతని కూడా దాటి ఉంది, కుడిది నేల చూస్తోంది. ఎప్పుడో బంపరు మార్చినప్పుడు కదిలి ఉంటుంది. స్క్రూ తిప్పుతూ ఉంటే గోడ మీద వెలుతురు అంచు మెల్లగా దిగి గీత మీద ఆగింది. ఎడమవైపు ఆ 15 డిగ్రీల వాలు చక్కగా లేచి కనిపించింది.

మొత్తం ఖర్చు బల్బులతో కలిపి 2,600 అయింది. జెనాన్ కిట్ కంటే తక్కువే.

ఆ రాత్రి రాజాం రోడ్డు మీద వెళ్లి చూశాను. జెనాన్‌లా పట్టపగలు కాదు. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. కానీ రోడ్డు ఎడమ అంచు చాలా దూరం దాకా కనిపిస్తోంది. సైకిలు తోసుకుంటూ వెళ్తున్న మనిషి పంచె తెల్లగా ముందే కంటపడింది. ఇంటికొచ్చేదాకా ఒక్క బండి కూడా డిప్పర్ కొట్టలేదు.

2024లో బండికి పదిహేనేళ్లు నిండాయి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువుకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో పెంచిన లెక్కన అప్పుడు దీని ఫీజు కార్లకి 5,000 రూపాయలు ఉండేది. గ్రీన్ టాక్స్ వేరు. పొల్యూషన్, ఇన్సూరెన్స్ కాగితాలు సరిచూసుకుని బండి చూపించడానికి వెళ్లాను. కొంచెం టెన్షన్‌గానే ఉంది. నా ముందు వరసలో ఉన్న కారుకి నీలం లైట్లు ఉన్నాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వాటిని చూసి, మామూలు బల్బులు వేయించుకుని మళ్లీ రమ్మని పంపేశారు. నా వంతు వచ్చినప్పుడు డిమ్ వేయమన్నారు, బ్రైట్ వేయమన్నారు, ఇండికేటర్లు, బ్రేకు లైటు చూశారు, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిపోల్చుకున్నారు. లైట్ల గురించి ఏమీ అనలేదు. ఆర్‌సీ ఇంకో ఐదేళ్లు పొడిగించి ఇచ్చారు.

జెనాన్ కిట్ షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. మా బావమరిది తన స్నేహితుడి కారుకి పనికొస్తుందని రెండుసార్లు అడిగాడు. ఇవ్వలేదు. నెల్లిమర్ల దగ్గర జరిగింది వాడికి మొత్తం చెప్పాను, పాప ట్యాంకు మీద కూర్చుని ఉన్న సంగతి కూడా. మూడోసారి అడగలేదు. ఆ డబ్బా ఇప్పటికీ మా అటక మీద ఉంది.